ఖనిజ ముడి పదార్థాలలో సహజ రేడియో ధార్మికత – మరిపెడ ప్రాంత నేపథ్యంలో పర్యావరణ భద్రత

(ప్రత్యేక వ్యాసం)

వరంగల్ – ఖమ్మం రహదారిపై ప్రయాణించే వారికి 'మరిపెడ బంగ్లా'గా సుపరిచితమైన మరిపెడ, పూర్వం వరంగల్ జిల్లాలో మండల కేంద్రంగా ఉండి, 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మహబూబాబాద్ జిల్లాలో చేరినది. ఆకేరు పరీవాహకంలోని ఈ ప్రాంతంలో వరి, పత్తి, మిరప ప్రధాన పంటలు. పైమట్టిని తొలగించి చూచినచో అడుగున కన్పించేది గ్రానైట్, నైస్ జాతి శిలలే. భూగర్భ శాస్త్రజ్ఞులు తూర్పు ధార్వార్ శిలాపీఠమని వ్యవహరించే ఈ రాతినేల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు.

ఈ నేల నుండి లభించే రాయి, కంకర, రాతిపొడితో పాటు, బయటి నుండి వచ్చే థర్మల్ బూడిద, రసాయనిక ఎరువులు కూడా ఇక్కడి జనజీవనంలో భాగమైనవి. వీటన్నింటిలోను స్వల్ప పరిమాణంలో సహజ రేడియో ధార్మికత ఉన్నది. "గ్రానైట్‌లో రేడియేషన్" అన్న మాట వినబడినంతనే ప్రజలలో భయాందోళనలు కలగడం, దానిని పూర్తిగా కొట్టిపారవేస్తూ వ్యాపార వర్గాలు ప్రకటనలు చేయడం తరచు జరిగేదే. ఈ రెండు ధోరణులలోను అంకెలు అరుదుగా కానవస్తాయి. పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు ఉపయోగపడగల అంకెలను, వాటిని చదివే పద్ధతిని ఇక్కడ వివరించడమైనది.

రాయిలోని రేడియో ధార్మికతకు మూలాలు మూడు. అవి యురేనియం-238, థోరియం-232, పొటాషియం-40. వీటి అర్ధ జీవితకాలం వరుసగా 447 కోట్ల, 1,405 కోట్ల, 125 కోట్ల సంవత్సరాలు. భూమి ఏర్పడిన నాటి నుండి ఇవి పూర్తిగా క్షీణించక మిగిలి ఉండుటకు కారణం ఈ దీర్ఘకాలమే. యురేనియం, థోరియం ఒక్కసారిగా స్థిరపడవు. రేడియం, రాడాన్, పొలోనియం వంటి అనేక మూలకాలుగా అంచెలంచెలుగా మారుతూ చివరకు సీసంగా నిలుస్తాయి. పొటాషియం మనకు నిత్యం అవసరమైన పోషకం. ప్రకృతిలో లభించే పొటాషియంలో 0.0117 శాతం మాత్రమే రేడియో ధార్మికమైన పొటాషియం-40. డెబ్బయి కిలోల బరువుగల మనిషి శరీరంలోనే దీని వలన సెకనుకు సుమారు 4,400 విఘటనలు జరుగుతుంటాయి.

ఒక సెకనుకు ఒక విఘటనను ఒక బెకెరల్ అంటారు. పదార్థంలో ఎంత రేడియో ధార్మికత ఉన్నదో తెలిపేది బెకెరల్. మనిషి శరీరానికి ఎంత మోతాదు చేరినదో తెలిపేది సీవర్ట్. ఆచరణలో దానిలో వెయ్యవ వంతైన మిల్లీసీవర్ట్‌ను వాడతారు. ఈ రెండింటిని కలగాపులగం చేయడం వార్తలలో తరచుగా కానవచ్చే లోపం. కిలో రాయిలో వెయ్యి బెకెరళ్లు ఉన్నాయనగానే అది ప్రమాదకరమని గాని, కాదని గాని చెప్పలేము. ఆ రాయి ఎంత మందంలో, ఎంత దూరంలో, ఎన్ని గంటలు, గాలి వచ్చే చోటనా రాని చోటనా ఉన్నదన్న విషయాలపైననే మోతాదు ఆధారపడి ఉంటుంది.

ఐక్యరాజ్యసమితి అణు వికిరణ ప్రభావాల శాస్త్రీయ సంఘం 2000 సంవత్సరపు నివేదిక ప్రకారం, జనాభాను పరిగణనలోనికి తీసుకొని లెక్కించిన ప్రపంచ సగటు నేలలో కిలోకు రేడియం-226 నుండి 32, థోరియం-232 నుండి 45, పొటాషియం-40 నుండి 420 బెకెరళ్లు ఉంటాయి. గ్రానైట్ ఇంతకంటె అధికం. శిలాద్రవం చల్లారి గట్టిపడే క్రమంలో యురేనియం, థోరియం, పొటాషియం చివరి వరకు ద్రవంలోనే ఉండిపోయి, చిట్టచివర ఏర్పడే గ్రానైట్‌లో చేరుతాయి. అందుచేతనే నల్లరేగడి క్రింద బసాల్ట్ పరచుకొన్న మహారాష్ట్ర దక్కను ప్రాంతం కంటె తెలంగాణ గ్రానైట్ నేలలపై సహజ నేపథ్య వికిరణం ఎక్కువగా నమోదవుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగం పరిశోధకులు హైదరాబాద్, నల్లగొండ ప్రాంతాలలో ఈ విధమైన కొలతలు చేపట్టి ప్రచురించియున్నారు.

ఇచ్చట ఒక భేదాన్ని గమనించవలసియున్నది. వ్యాపారంలో 'బ్లాక్ గ్రానైట్' అని పిలిచే రాయి శాస్త్రరీత్యా గ్రానైట్ కాదు. అది డోలరైట్ లేదా గాబ్రో జాతికి చెందినది. దానిలో పొటాషియం, థోరియం చాల తక్కువ. కాకతీయులు హనుమకొండ వేయిస్తంభాల గుడిలో, పాలంపేట రామప్ప దేవాలయంలో నునుపుగా చెక్కించిన నల్లరాయి ఈ జాతిదే. గులాబి, ఎరుపు, బూడిద వర్ణపు రాళ్లు అసలైన గ్రానైట్లు. కావున 'గ్రానైట్‌లో ఇంత' అని ఒకే అంకె చెప్పే ఏ ప్రకటననైనను సందేహించవలసినదే.

సూచిక ఎట్లు లెక్కించాలి?

నిర్మాణ సామగ్రికి ఐరోపా సంఘం 1999లో ఒక సూచికను ప్రతిపాదించినది. 2013 నాటి ఐరోపా ఆదేశంలోను అదే కొనసాగినది. కిలోకు రేడియం బెకెరళ్లను 300తోను, థోరియం బెకెరళ్లను 200తోను, పొటాషియం బెకెరళ్లను 3,000తోను భాగించి మూడు ఫలితాలను కూడినచో వచ్చునది సూచిక. అది 1కి మించకున్న, ఆ పదార్థంతో మందపాటి గోడలు, స్లాబు నిర్మించినను నివాసికి అదనంగా చేరే గామా మోతాదు సంవత్సరానికి 1 మిల్లీసీవర్ట్ లోపు ఉంటుందని భావిస్తారు. మన దేశపు పరిశోధకులు 'రేడియం తుల్య క్రియాశీలత' అనే మరొక లెక్కను కూడా తరచు వాడుతుంటారు. రేడియం విలువకు థోరియం విలువను 1.43తోను, పొటాషియం విలువను 0.077తోను గుణించి కలిపినచో వచ్చే మొత్తం కిలోకు 370 బెకెరళ్లకు మించరాదన్నది దాని ప్రమాణం.

ఉదాహరణకు, పది లక్షల వంతులలో 5 వంతుల యురేనియం, 20 వంతుల థోరియం, 4 శాతం పొటాషియం గల ఒక గులాబి గ్రానైట్‌ను తీసుకొందము. ఇవి గ్రానైట్‌కు అసాధారణమైన విలువలు కావు. బెకెరళ్లలో ఇవి వరుసగా సుమారు 62, 81, 1,250 అవుతాయి. సూచిక 1.03 వచ్చును. రేడియం తుల్య క్రియాశీలత సుమారు 274. అనగా ఒకే రాయి ఒక లెక్క ప్రకారం హద్దును తాకుచున్నది, మరొక లెక్క ప్రకారం హద్దుకు చాల దిగువన ఉన్నది. ఏ లెక్కను వాడినారో చెప్పకుండా "ప్రమాణాన్ని మించినది" అని గాని "పూర్తిగా సురక్షితం" అని గాని వ్రాయడం ఎంత అసంపూర్ణమో దీనినిబట్టి తెలియగలదు. అదే నల్లరాయిలో యురేనియం అర వంతు, థోరియం 2 వంతులు, పొటాషియం 0.8 శాతం ఉన్నదనుకొన్న, సూచిక 0.14 మాత్రమే.

1.03 వచ్చినంత మాత్రాన ఆ రాయిని నేలపై పరచరాదని అర్థం కాదు. సూచిక 1 అన్నది ఇల్లంతయు ఆ పదార్థంతోనే కట్టిన సందర్భానికి ఉద్దేశించినది. నేలపై పరచే పలక మందం రెండు మూడు సెంటీమీటర్లకు మించదు. ఇటువంటి పైపూత సామగ్రికి 1999 నాటి ఐరోపా మార్గదర్శకాలు సూచిక 6 వరకు అనుమతించినవి. వంటగట్టుకు, గడపకు వాడే రాయి విషయంలో ప్రజలు కలవరపడవలసిన అవసరం లేదు.

వాస్తవానికి శ్రద్ధ పెట్టవలసినది మెరుగు పెట్టిన పలకపై కాదు, కంకరపై. అదే రాయి క్రషర్‌లో పడి కంకరయై కాంక్రీటులో చేరినప్పుడు గోడలలోను, స్లాబులోను, స్తంభాలలోను నలువైపుల నిండిపోవును. కాంక్రీటు బరువులో సుమారు నాలుగింట మూడు వంతులు కంకర, ఇసుకలవే. వాగు ఇసుకకు బదులు రాతిని పొడిచేసి తయారుచేసే రోబో ఇసుక వాడుకలోనికి వచ్చిన పిదప ఈ మూడు వంతులు పూర్తిగా రాతిమయమగుచున్నవి. పై ఉదాహరణలోని రాయితో కంకర, రోబో ఇసుక రెండింటిని తయారుచేసినను కాంక్రీటు సూచిక 1కి లోబడియే ఉండగలదు. అయితే మిగులు స్వల్పం. ఏ క్వారీ రాయి సగటు కంటె అధిక థోరియం కలదో ముందుగా తెలిసియుండుట గృహనిర్మాణ, రహదారుల శాఖలకు ఉపయోగకరం. రహదారికి వేసే కంకర విషయంలో ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు. రోడ్డుపై ఎవరును నివసించరు కదా.

గ్రానైట్‌లో అక్కడక్కడ ముతక స్ఫటికాలతో పెగ్మటైట్ చారలు కన్పిస్తాయి. యురేనియం, థోరియం వీటిలో కొంత ఎక్కువగా చేరవచ్చును. మీటరును సరిగ్గా ఆ చారపై ఆనించి చూపిన అంకె క్వారీ మొత్తానికి వర్తించదు.

బూడిద, ఎరువులు

బొగ్గులో యురేనియం, థోరియం స్వల్పం. అయితే మన బొగ్గులో బూడిద శాతం అధికం కావడం వలన, సుమారు రెండున్నర కిలోల బొగ్గు కాలినచో ఒక కిలో బూడిద మిగులుతుంది. కర్బనం కాలిపోయి ఖనిజాలు మిగలడంతో రేడియో ధార్మికత అదే నిష్పత్తిలో సాంద్రమగును. మరిపెడకు సమీప జిల్లాలలో సింగరేణి బొగ్గు ఆధారంగా పాల్వంచ, మణుగూరు కేంద్రాలు, భూపాలపల్లి జిల్లా చెల్పూరు వద్ద కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం నెలకొనియున్నవి. కాకతీయ కేంద్రం రెండు దశల సామర్థ్యం 1,100 మెగావాట్లు. బూడిదను పూర్తిగా వినియోగించాలని కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 1999 సెప్టెంబరు 14 నాటి ప్రకటనతో ప్రారంభించి, 2021 డిసెంబరు 31 నాటి ప్రకటన వరకు నిబంధనలను కఠినతరం చేసినది. ఫలితంగా బూడిద ఇటుకలు పల్లెలకు సైతం చేరినవి.

ఈ ఇటుకల విషయంలో ఒక విచిత్రం ఉన్నది. బూడిదలో రేడియం మట్టి కంటె ఎక్కువగా ఉన్నను, అధిక ఉష్ణోగ్రత వద్ద కరిగి చల్లారిన బూడిద రేణువులు గాజువలె బిగిసియుండుటచే వాటి నుండి వెలువడే రాడాన్ వాయువు తక్కువ. అందువలన రేడియం అంకెను మాత్రమే చూచి ఈ ఇటుకను తిరస్కరించుట సబబు కాదు. విద్యుత్ కేంద్రాల వద్ద జాగ్రత్త అవసరమైనది ఎండిన బూడిద చెరువుల నుండి లేచే ధూళి విషయంలో, చెరువు అడుగు నుండి భూగర్భజలాలలోనికి ఊరే లోహాల విషయంలో.

మిరప, పత్తి రైతు ఇంటిలో నిల్వ ఉండే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ బస్తా సంగతి వింటే పలువురు ఆశ్చర్యపడవచ్చును. ఆ ఎరువులో సగం బరువు పొటాషియం. కిలోకు సుమారు 15,600 బెకెరళ్లు, అనగా పైన చెప్పిన గులాబి గ్రానైట్‌కు పది రెట్లకు పైగా. యాభై కిలోల బస్తాలో 7.8 లక్షల బెకెరళ్లు. అయినను బస్తా ప్రక్కన కొద్దిసేపు మసలే రైతుకు చేరే మోతాదు లెక్కింపదగినది కాదు. పొటాషియం రాడాన్‌ను విడుదల చేయదు, శరీరం తనకు అవసరమైనంత పొటాషియంనే ఉంచుకొని మిగిలినది విసర్జిస్తుంది. బెకెరళ్ల సంఖ్య ఒక్కటే ప్రమాదాన్ని సూచించదనుటకు ఇంతకంటె చేరువలో నిదర్శనం దొరకదు.

ఫాస్ఫేటు ఎరువుల కథ వేరు. రాక్ ఫాస్ఫేటును సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగించినప్పుడు యురేనియం అధిక భాగం ఆమ్లంతో పోగా, రేడియం ఫాస్ఫోజిప్సంలో మిగులును. ఈ జిప్సంను ఫలకాలుగా, ఇటుకలుగా ఇండ్లలోనికి తెచ్చే ముందు పరీక్ష తప్పనిసరి. అణుశక్తి నియంత్రణ మండలి 2009లో జారీచేసిన ఆదేశంలో గ్రాముకు ఒక బెకెరల్ రేడియంను కొలమానంగా నిర్దేశించినది.

రాడాన్, తాగునీరు

ప్రపంచవ్యాప్తంగా ఒక మనిషికి సహజ మూలాల నుండి సంవత్సరానికి సగటున 2.4 మిల్లీసీవర్ట్ల మోతాదు చేరుతుంది. ఇందులో సగానికి పైగా రాడాన్, దాని సంతతి మూలకాలను పీల్చుట వలననే. రేడియం నుండి పుట్టే ఈ వాయువుకు రంగు, వాసన లేవు. అర్ధ జీవితకాలం 3.8 రోజులు. నేల పగుళ్ల ద్వారా, కొంత గోడల నుండి ఇంటిలోనికి చేరుతుంది. పొగాకు తరువాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇది ముఖ్య కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. ఘనపు మీటరు గాలిలో 100 బెకెరళ్లను లక్ష్యంగా, అది సాధ్యపడని చోట 300 మించకుండ చూడాలని ఆ సంస్థ 2009లో సూచించినది. మన పల్లెటూళ్లలో గవాక్షాలు, పెరటి తలుపులు తెరచి ఉంచే ఇండ్లలో రాడాన్ నిలువ ఉండదు. కిటికీలు బిగించి శీతల యంత్రాలు నడుపుకొనే గదులకు, గాలి ఆడని భూగృహాలకు మాత్రమే ఈ సూచన ప్రత్యేకంగా వర్తించును.

లోతు బోర్లు వేసిన గ్రానైట్ ప్రాంతాలలో నీటిలోని యురేనియంను కూడా ఫ్లోరైడ్‌తో పాటు పరీక్షించుట మంచిది. ఇక్కడ భయపడవలసినది వికిరణం కంటె ముందు, భారలోహంగా మూత్రపిండాలపై చూపే ప్రభావం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో లీటరుకు 30 మైక్రోగ్రాములను తాత్కాలిక పరిమితిగా ప్రకటించినది. అణుశక్తి నియంత్రణ మండలి వికిరణ దృష్ట్యా నిర్ణయించినది 60 మైక్రోగ్రాములు. ఒకే బోరు నీరు రెండు ప్రమాణాల మధ్య పడినప్పుడు ఏ ప్రమాణంతో పోల్చినారో నివేదికలో స్పష్టపరచవలెను. తాగునీటి విషయంలో కఠినమైన ప్రమాణాన్ని అనుసరించుటయే న్యాయము.

క్వారీ కార్మికులు

గ్రానైట్ క్వారీలలోను, పలకలు కోసే కర్మాగారాలలోను పనిచేసేవారి ఆరోగ్యానికి అసలు శత్రువు రేడియో ధార్మికత కాదు, ధూళి. గ్రానైట్‌లో నాలుగవ వంతు వరకు స్ఫటికరూప సిలికాయే. పొడిగా డ్రిల్లింగ్ చేసినప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ వ్యాధిని కలుగజేస్తుంది. దీనిని నయంచేసే మందు లేదు. చట్టరీత్యా గుర్తింపు పొందిన వృత్తివ్యాధి అయినప్పటికిని, క్షయగా పొరబడి చికిత్స చేయుట, ఆపై నష్టపరిహారం అందకపోవుట కార్మిక కుటుంబాలకు తీరని నష్టం. నీరు చల్లుచు డ్రిల్లింగ్ చేయుట, ధూళిని గుంజే యంత్రాలు అమర్చుట, ఏటేట ఛాతీ ఎక్స్-రే తీయించుట – ఇవి సిలికాను, దానితో పాటు రాతిధూళిలోని థోరియంను కూడా ఒకేసారి నివారించగల చర్యలు. రేడియేషన్ గురించి శీర్షికలు వ్రాసి, ముఖానికి తువాలు చుట్టుకొని డ్రిల్లింగ్ చేసే కూలీని మరచుట శోచనీయం.

పాలిషింగ్ యూనిట్ల నుండి వచ్చే రాతిబురదలో రేడియో ధార్మికత మాతృశిలలో ఉన్నంతయే ఉండును, సాంద్రత పెరుగదు. అయితే ఆ బురద పొలాలలోను, చెరువు శిఖంలోను చేరినప్పుడు మట్టి రంధ్రాలు పూడుకుపోయి నీరు ఇంకదు. కాలుష్య నియంత్రణ మండలి అధికారులు దీనిని ఈ కోణంలోనే పరిశీలించవలసియుండును.

యురేనియం గనులతో ఈ క్వారీలను పోల్చుట కూడా సరికాదు. నల్లగొండ జిల్లా లంబాపూర్ – పెద్దగట్టు వద్ద యురేనియం నిక్షేపాలు శ్రీశైలం క్వార్ట్‌జైట్, దాని అడుగునగల గ్రానైట్ కలిసే హద్దున ఉన్నవి. అచ్చట ప్రతిపాదిత గనికి 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో తీవ్ర వ్యతిరేకత వ్యక్తమైనది. నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరు 16న ఏకగ్రీవ తీర్మానం చేసినది. కడప జిల్లా తుమ్మలపల్లె ఖనిజంలో యురేనియం ఆక్సైడ్ సుమారు 0.04 శాతం, పైన ఉదహరించిన గులాబి గ్రానైట్‌లోని యురేనియం దానిలో సుమారు డెబ్బయవ వంతు. ఖనిజాన్ని నూరి, రసాయనాలతో కరిగించి, రేడియంతో కూడిన వ్యర్థాన్ని చెరువులలో నిలువజేయుట అక్కడి సమస్య. రాయిని కోసి అమ్మే చోట ఆ ప్రక్రియలేవీ లేవు. అయినను, 1962 నాటి అణుశక్తి చట్టం ప్రకారం, ఏ ప్రదేశంలోనైనను యురేనియం గాని థోరియం గాని ఉన్నట్లు కనుగొన్నవారు మూడు నెలలలోగా కేంద్ర ప్రభుత్వానికి లిఖితపూర్వకంగా తెలియజేయవలెనని లీజుదారులు గమనించవలెను.

సహజ వికిరణం అధికంగాగల చోట దీర్ఘకాలం జరిపిన అధ్యయనం మన పొరుగునే ఉన్నది. మోనజైట్ ఇసుకలు విస్తరించిన కేరళ కరునాగపల్లి తీరంలో 69,958 మందిని సగటున పదిన్నర సంవత్సరాలు పరిశీలించి, 2009లో ప్రచురించిన ఫలితాలలో నేపథ్య వికిరణం వలన క్యాన్సర్ పెరిగినట్లు కానరాలేదు. అచ్చటి వికిరణం తెలంగాణ గ్రానైట్ నేలల కంటె అనేక రెట్లు అధికం. ఈ ఫలితం బాహ్య గామా వికిరణానికి సంబంధించినది. రాడాన్ పీల్చుటకు దీనిని అన్వయించరాదు.

కొలతలలో జాగ్రత్తలు

చేతి మీటరుతో గ్రానైట్ గుట్టపై గంటకు 0.2 మైక్రోసీవర్ట్ చూపినదనుకొందము. సంవత్సరానికి 8,760 గంటలతో గుణించిన 1.75 మిల్లీసీవర్ట్లు. వెంటనే "ప్రజలకు నిర్ణయించిన 1 మిల్లీసీవర్ట్ పరిమితిని దాటినది" అని వ్రాయుట పొరపాటు. ఆ పరిమితి అణు కేంద్రాలు, పరిశ్రమలు మొదలగు మానవ కార్యకలాపాల వలన సహజ నేపథ్యానికి అదనంగా కలిగే మోతాదుకు ఉద్దేశించినది. కొలిచిన విలువ నుండి సమీపంలోని తాకని నేల విలువను తీసివేసి, మిగిలినదానిని మాత్రమే పోల్చవలెను. అదియును, గుట్టపై ఏడాది పొడవున ఇరువదినాలుగు గంటలు ఎవరు ఉందురో ఆలోచించిన పిమ్మట.

క్వారీ, క్రషర్, ఇటుక బట్టీల నుండి నమూనాలు సేకరించేటప్పుడు ఒకే రాయి ముక్క గాక పలుచోట్ల నుండి తీసిన పొడిని కలిపి పంపవలెను. ప్రయోగశాలలో ఈ పొడిని గాలి చొరని డబ్బాలో మూసి సుమారు నాలుగు వారాలు ఉంచిన తరువాతనే గామా వర్ణపట మాపకంతో కొలుస్తారు. రాడాన్ బయటికి పోకుండా రేడియంతో సమతుల్యతకు వచ్చుటకు అంత వ్యవధి అవసరం. రెండు రోజులలో వచ్చిన రేడియం ఫలితాన్ని పత్రికలకు విడుదల చేసే ముందు నమూనా ఎన్ని రోజులు మూసి ఉంచినారో విచారించవలెను. నివేదికలో మూడు మూలకాల విలువలు విడివిడిగా, కొలత దోష పరిధితో సహా ఉండవలెను. "రేడియేషన్ లేదు" అని ఒక్క వాక్యంలో ఇచ్చిన ధ్రువపత్రం ఏ రాయి విషయంలోను నిజం కాజాలదు కనుక దానిని అంగీకరించరాదు.